"నీకు నప్పదు" అన్న మాటను మీరే పరీక్షించుకోవడం ఎలా: కొలత, గుడ్డ, రంగు, ఇంటర్వ్యూ బట్టలపై సమగ్ర మార్గదర్శి

"చామనచాయ వాళ్లు పసుపు వేసుకోవచ్చా?" "హన్మకొండలో చిన్న ఆఫీసు ఇంటర్వ్యూకి కోటు కుట్టించుకోవాలా?" "పొట్టిగా ఉంటాను, పెద్దంచు చీర కట్టొద్దంటున్నరు, నిజమేనా?" ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఒక్కొక్కరికి అవును, కాదు అని జవాబిస్తే మీరు విన్న సలహాల్లో ఇంకొకటి చేరుతుంది, అంతే. అందుకని, ఎవరు చెప్పిన సలహానైనా మీరే ఇంట్లో పరీక్షించుకునే పద్ధతిని వరుసగా రాస్తున్నాను.

వరుస తప్పొద్దు. కొలత సరిచూడకుండా రంగుల జోలికి పోవద్దు. భుజం జారిన అంగీ ఏ రంగులో ఉన్నా బాగుండదు. అది తొడిగి అద్దంలో చూసుకున్నవాళ్లు తప్పు రంగుదనుకుంటారు, లేదా తమ ఒళ్లుదే అనుకుంటారు. "నప్పదు" అనిపించుకున్న బట్టల్లో చాలావాటికి అసలు జబ్బు కుట్టులో ఉంటుంది.

1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- తల నుంచి పాదం దాకా కనిపించే అద్దం. లేకపోతే ఫోను చాలు.
- మెత్తటి కొలత టేపు.
- పొద్దున ఎండ నేరుగా పడకుండా వెలుతురు బాగా వచ్చే వాకిలి లేదా వరండా.
- ఒక తెల్ల కాగితం, ఒక నోటుబుక్కు.
- ముఖం మీద నిజం చెప్పే మనిషి ఒక్కరు. నలుగురు వద్దు.

ఫోనుతో ఫొటో తీసేటప్పుడు మూడు జాగ్రత్తలు. అందం పెంచే ఫిల్టర్లు ఆపేయండి. ఫోనును ఛాతీ ఎత్తులో, రెండున్నర, మూడు మీటర్ల దూరంలో పెట్టి టైమర్‌తో తీయండి. చేయి చాచి దగ్గర నుంచి తీస్తే ముఖం పెద్దదిగా, కాళ్లు పొట్టిగా వస్తాయి. ఆ ఫొటో చూసి "నేను ఇట్లున్ననా" అని బాధపడేవాళ్లు ఎందరో. అది దూరం చేసే మాయ, మీ శరీరం తప్పు కాదు. ఇక మూడోది, ప్రతి ఫొటో ఒకే చోట, ఒకే వేళకు తీయండి. లేకపోతే పోలిక కుదరదు.

2. విన్న సలహాలన్నీ రాసి, మూడు రకాలుగా విడదీయండి

చిన్నప్పటి నుంచి విన్నవన్నీ రాయండి. పక్కనే ఎవరన్నారో, ఏ సందర్భంలో అన్నారో కూడా రాయండి. తర్వాత ఒక్కోదాన్నీ ఈ మూడింట్లో ఒకదాని కింద చేర్చండి.

వాతావరణం, పని మీద ఆధారపడినవి. "ఎండకాలం నల్లవి తొడగొద్దు", "బండి మీద పొయ్యేటప్పుడు చున్నీ ముడేసుకో" లాంటివి. చాలావరకు పనికొస్తాయి, కానీ పరీక్షకు నిలవాలి.

మర్యాద మీద ఆధారపడినవి. చావు ఇంటికి మెరిసే చీర కట్టుకుపోకపోవడం, గుడికి తగినట్టు పోవడం. ఇవి మన గురించి కావు, ఎదుటివాళ్ల మనసు గురించి. వీటిని పరీక్షించాల్సిన పని లేదు, పాటించండి.

ఒకరి ఇష్టమో, చిన్నచూపో నియమంలా మారినవి. "నల్లపిల్లకు గులాబీ రంగెందుకే", "లావుగున్నోళ్లు టక్కు చెయ్యొద్దు", "ఈ వయసుల ఎర్ర అంగీ ఏంది". మనసును కోసేవి ఇవే. ఎక్కువకాలం గుర్తుండేవీ ఇవే. పరీక్షలో ముందు ఓడిపోయేవి కూడా ఇవేనని నా నమ్మకం.

3. ప్రతి సలహా వెనకున్న షరతును బయటికి లాగండి

ఏ సలహా అయినా ఎక్కడో ఒకచోట పనిచేసే ఉంటుంది. ఎక్కడ, ఎవరికి అన్నది దారిలో రాలిపోయి నియమం ఒక్కటే మన దాకా వస్తుంది. అందుకే ప్రతి సలహాకూ ఈ నాలుగు ప్రశ్నలు వేయండి.

- ఇది ఏ ఊరి వాతావరణానికి పుట్టింది?
- ఎలాంటి ఒంటికి, ఏ చర్మం రంగుకు చెప్పింది?
- దీన్ని పాటిస్తే నాతో ఏం కొనిపిస్తారు?
- పాటించకపోతే నిజంగా ఏం నష్టం?

కోటు, టై సంగతే తీసుకోండి. ఆ వేషం చలిదేశాల్లో పుట్టింది. మే నెల వరంగల్‌లో 42, 43 డిగ్రీల ఎండ మామూలు. ఏసీ గదిలో కూర్చునే అధికారికి కోటు బాగానే ఉంటుంది. కాజీపేటలో రైలు దిగి, ఆటో పట్టుకుని, మూడో అంతస్తు మెట్లెక్కి ఇంటర్వ్యూ గదికి చేరే పిల్లవాడికి అదే కోటు చెమట ముద్ద. సలహా ఒకటే, షరతు మారింది.

4. కొలత: అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే

అలమారలో ఉన్న బట్టల్లో "నాకు బాగుంటుంది" అనిపించేది ఒకటి, "నప్పదు" అనిపించేది ఒకటి తీయండి. రెండింటినీ మంచం మీద పరచి టేపుతో కొలవండి. భుజం, ఛాతీ, నడుము, పొడవు, చేతి పొడవు రాసుకోండి. తేడా సాధారణంగా ఆ అంకెల్లోనే దొరుకుతుంది. అర అంగుళం భుజం తేడా మనిషి వాలకాన్నే మార్చేస్తుంది.

అంగీకి చూడాల్సినవి:

- భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగాలి. జారితే అన్న అంగీ తొడిగినట్టుంటుంది, లోపలికొస్తే చేయి కదలదు.
- పైగుండీ పెట్టాక కాలర్‌లో రెండు వేళ్లు దూరాలి.
- కూర్చున్నప్పుడు పొట్ట దగ్గర గుండీల మధ్య సందు తెరుచుకోకూడదు.
- పొడుగుచేతి అంగీ కఫ్ మణికట్టు ఎముక మీద ఆగాలి.

ప్యాంటుకు నిలబడి చూసి ఊరుకోవద్దు. కింద కూర్చోండి, బండి ఎక్కినట్టు కాలెత్తండి. ముందువైపు అడ్డంగా ముడతలు లాగుతున్నాయంటే సీటు దగ్గర ఇరుకు. వెనక గుడ్డ సంచిలా వేలాడుతుందంటే వదులు.

జాకెట్టు విషయంలో ఆడవాళ్లు ఏళ్ల తరబడి పడే బాధ ఒకటుంది. చేయి పైకెత్తితే జాకెట్టు మొత్తం పైకి పోతుంది. "నా చేతులు లావు" అని సరిపెట్టుకుంటారు. చాలాసార్లు కారణం చంక కోత బాగా కిందికి దిగడమే. చంక కోత ఒంటికి దగ్గరగా, కాస్త పైకి ఉంటే చేయి స్వేచ్ఛగా లేస్తుంది, జాకెట్టు కదలదు. దర్జీకి ఇంకా వదులుగా కుట్టమని చెబితే చంక మరింత దిగుతుంది, బాధ మరింత పెరుగుతుంది. కాబట్టి "వదులు చెయ్యి" అనకుండా "చంక కిందికి దిగింది, పైకి తియ్యాలె" అని చెప్పండి.

దర్జీతో మాట్లాడే పద్ధతి

పత్రికలో బొమ్మ చూపించి "ఇట్ల కుట్టు" అంటే చాలదు. మీకు బాగా కుదిరిన పాత బట్ట తీసుకుపోండి. అది ఏ మాట కంటే బాగా చెబుతుంది. తర్వాత ఇలా అడగండి: "అన్నా, భుజం, కాలర్ దీని లెక్కనే ఉండాలె. పొట్ట దగ్గర అర ఇంచు వదులు. పక్క కుట్టుల లోపల ఒక ఇంచు గుడ్డ ఇడువు, రేపు ఒళ్లు చేస్తే ఇప్పుకుంట." కచ్చా కుట్టు (తర్వాత విప్పేసే తాత్కాలిక కుట్టు) మీద ఒకసారి తొడిగి చూస్తానని ముందే చెప్పండి. పండుగల ముందు, పెళ్లిళ్ల సీజన్‌లో దర్జీలకు ఊపిరాడదు. ఆ రోజుల్లో ట్రయల్ అడిగితే ఎవరూ ఒప్పుకోరు, నెల ముందే ఇవ్వండి.

గుడ్డ కొనేటప్పుడు, 58 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) ఉంటే పొడుగుచేతి అంగీకి 1.60 మీటర్లు, ప్యాంటుకు 1.20 మీటర్లు మామూలు లెక్క. పొడుగు మనుషులు, ఒళ్లున్నవాళ్లు దర్జీని అడిగి కాస్త ఎక్కువ తీసుకోవాలి. నూలు గుడ్డ అయితే కుట్టడానికి ముందే నీళ్లలో నానబెట్టి ఆరేయండి. మొదటి ఉతుకులో నూలు ముడుచుకుంటుంది. ఎంతో బాగా కుదిరిన అంగీ వారానికే పొట్టిదయ్యేది ఇందుకే.

రెడీమేడ్ కొంటే భుజం సరిపోయేది ఎంచుకోండి. పొడవు, నడుము, చేతులు ఆల్టరేషన్‌లో సులువుగా సరిపోతాయి. భుజం సరిచేయడం కష్టం, ఖర్చు కూడా.

5. గుడ్డ: ఎండకు, చెమటకు నిలుస్తుందా

దుకాణంలో "ప్యూర్ కాటన్" అన్న మాటను ఇంట్లో తేల్చుకోవచ్చు. లోపలి అంచు నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, పొయ్యికి, మిగతా గుడ్డకు దూరంగా వెలిగించండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. కలిసిన గుడ్డలో రెండు లక్షణాలూ కనిపిస్తాయి.

ఎందుకింత పట్టింపు అంటే, మామూలు గాలిలో నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమ పట్టి ఉంచుతుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. వానాకాలం ఉక్కలో పాలిస్టర్ ఒంటికి అంటుకునేది, సాయంత్రానికి వాసన పట్టేది అందుకే. అయితే నూలు ముడతలు పడుతుంది. బస్సులో గంటన్నర కూర్చుని పోవాల్సిన రోజు నూలు ఎక్కువగా, పాలిస్టర్ కొద్దిగా కలిసిన గుడ్డే మేలు. "కాటన్ తప్ప ఏదీ తొడగొద్దు" అన్న సలహాకూ ఇట్లా షరతు ఉంది.

ఇక "ఎండకాలం నలుపు వద్దు" అన్నది. 1980లో నేచర్ అనే విజ్ఞాన పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఎడారిలో తిరిగే సంచార అరబ్బులు, బెదూయిన్లు, నల్లటి వదులు అంగరఖాలు ఎందుకు తొడుగుతారని పరీక్షించారు. నల్ల గుడ్డ వేడి ఎక్కువే పీల్చింది, కానీ ఆ అదనపు వేడి చర్మాన్ని చేరకముందే పోయింది. చర్మానికి చేరిన వేడి తెల్ల అంగరఖాలోనూ నల్లదానిలోనూ ఒకటే. గుడ్డకు, ఒంటికి మధ్య గాలి ఆడటం అక్కడ కీలకం. ఒంటికి పట్టిన నల్ల టీషర్టుకు ఈ మాట వర్తించదు. వదులు నల్ల కుర్తాకు భయపడాల్సిన పని లేదు.

చెమట పరీక్ష: కొత్త బట్టను ముఖ్యమైన రోజున మొదటిసారి తొడగొద్దు. ముందే ఒక మధ్యాహ్నం తొడిగి బజారుకు పోయి రండి. చంక, వీపు, కాలర్ చూడండి. చెమట మచ్చ లేత బూడిద, లేత నీలంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలుపులో, ముదురు నీలంలో తక్కువ.

6. రంగు: వెలుతురులో, జంట ఫొటోలతో

ఇప్పుడు రంగుల దగ్గరికి వద్దాం. ఈ మాట గట్టిగా చెప్పాలి: "నలుపు వాళ్లు మెరిసే రంగులు వేసుకోవద్దు" అన్నది రంగుల శాస్త్రం కాదు, చర్మం మీద చిన్నచూపు. బతుకమ్మ ఆడే సాయంత్రం మన వాకిళ్లు చూడండి. పసుపు, గులాబీ, చిలకపచ్చ చీరల్లో అన్ని ఛాయల ముఖాలూ వెలుగుతుంటాయి. అక్కడ నప్పింది ఆఫీసులో నప్పకుండా ఎట్లా పోతుంది?

పరీక్ష ఇలా చేయండి.

ఇంట్లో ఉన్న ఓణీలు, తువ్వాళ్లు, చీరలు, అంగీలు, ఏ రంగు దొరికితే ఆ రంగు పోగేయండి. పొద్దున తొమ్మిది ప్రాంతంలో వరండా నీడలో నిలబడండి. ముఖానికి ఏమీ రాయొద్దు. పక్కన తెల్ల కాగితం పట్టుకోండి. ఫొటోలో కాగితం పచ్చగానో నీలంగానో వస్తే ఫోను రంగులు మార్చిందని అర్థం, మళ్లీ తీయండి. ఒక్కో గుడ్డను గడ్డం కింద పట్టుకుని ఫొటో తీయండి.

తర్వాత ఫొటోలు జంటలుగా పెట్టి ఒక్క ప్రశ్నే వేసుకోండి: కన్ను ముందు ముఖం మీద పడిందా, గుడ్డ మీద పడిందా? ముఖం మీద పడితే ఆ రంగు మీది. "ఇందులో తెల్లగా కనిపిస్తున్ననా?" అన్న ప్రశ్నను మాత్రం పరీక్షలోకి రానివ్వొద్దు. చాలామంది పరీక్ష పాడయ్యేది అక్కడే.

నేను గమనించిందేమంటే, చామనచాయ ముఖాలకు మెరిసే రంగుల కంటే చర్మానికి బాగా దగ్గరగా ఉండే మట్టిరంగులు, ఖాకీలే కష్టం. ముఖం, గుడ్డ కలిసిపోతాయి. జాగ్రత్త పేరుతో చాలామంది కొనేది ఆ రంగులే. ఇది కూడా మీ ఫొటోల్లో సరిచూసుకోండి.

దుకాణంలో కొనేటప్పుడు చీరను గుమ్మం దాకా తీసుకొచ్చి పగటి వెలుతురులో చూపించమని అడగండి. లోపలి లైట్ల కింద మెరూన్‌గా కనిపించింది బయట గోధుమరంగు కావచ్చు. వరంగల్ చౌరస్తాలోనైనా, హన్మకొండలోనైనా దుకాణాల వాళ్లకు ఇది అలవాటే, ఎవరూ కాదనరు.

తెల్లబడే క్రీముల గురించి ఒక్క హెచ్చరిక. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులో "ఫెయిర్" తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారినా ఇళ్లలో మాట మారలేదు. మందుల దుకాణంలో ఎవరో చెప్పారని స్టెరాయిడ్ కలిసిన క్రీములు ముఖానికి రాయొద్దు. మొదట నునుపుగా కనిపించి, తర్వాత చర్మం పలుచబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపకుండా చర్మ వైద్యులకు చూపించండి.

7. గీతలు, అంచులు, ఎత్తు

"అడ్డగీతలు లావు చూపిస్తాయి, నిలువు గీతలు సన్నగా చూపిస్తాయి." ఇంతగా నమ్మిన సలహా ఇంకొకటి లేదేమో. 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ దీనికి ఎదురు చూపించాడు. అడ్డగీతలతో నింపిన చతురస్రం పొడుగ్గా, సన్నగా కనిపిస్తుందన్నాడు. 2011లో ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు బట్టల బొమ్మలతో పరీక్షించి, అడ్డగీతలు లావు చూపించవని తేల్చారు. మీరూ ఒకే కొలతలో ఉన్న రెండు అంగీలతో చూసుకోండి. తేడా చాలా కొద్దిగా ఉంటుంది.

పెద్దంచు చీరకూ అంతే. పొట్టిగా ఉన్నవాళ్లకు ఇబ్బంది అంచుతో కాదు, చీర నేలకు ఆనకుండా మడమ పైన ఆగిపోవడంతో. వేసుకోబోయే చెప్పులు ముందే తొడిగి చీర కట్టండి. పోచంపల్లి ఇక్కత్ అయినా, కొంగున బొమ్మలు నేసిన సిద్దిపేట గొల్లభామ అయినా కుచ్చిళ్లు సన్నగా, సమానంగా పడితే ఎత్తు గురించి ఎవరూ ఆలోచించరు.

8. ఇంటర్వ్యూ: డబ్బు ఎక్కడ పెట్టాలి

ముందు ఇంటర్వ్యూ ఉందో లేదో చూడండి. కేంద్రంలో గ్రూప్ సి, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు లేవు. తెలంగాణలో గ్రూప్ 1, గ్రూప్ 2 ఇంటర్వ్యూలు తీసేయాలని 2022లో నిర్ణయించారు. వీటికి చదివే పిల్లలు "పర్సనాలిటీ" తరగతులకు, కోటుకు డబ్బు పోగేయడం చూస్తే మనసు కలుక్కుమంటుంది.

ఇంటర్వ్యూ ఉంటే, శిక్షణ తరగతుల్లో చెప్పే మూడు మాటలను ఇలా అర్థం చేసుకోండి.

"మాట విలువ 7 శాతమే, మిగతా 93 శాతం గొంతు, హావభావాలు." ఇది 1967 నాటి మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రబియన్ ప్రయోగాల నుంచి వచ్చింది. అక్కడ పరీక్షించింది విడి మాటల్లో ఇష్టాయిష్టాలు ఎలా తెలుస్తాయన్నదే. అన్ని సంభాషణలకూ ఇది వర్తించదని ఆయనే చెప్పారు. మీ సబ్జెక్టు జవాబుకు విలువ 7 శాతం కాదు.

"చూసిన క్షణంలోనే అంచనా వేస్తారు." ఇది నిజమే. 2006లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముఖాన్ని సెకనులో పదో వంతు చూసినా అభిప్రాయం ఏర్పడుతుందని చూపారు. ఆ అభిప్రాయం సరైనదని మాత్రం అనలేదు. మీ చేతిలో ఉన్నది శుభ్రంగా, కుదురుగా కనిపించడం వరకే. ఆ తర్వాత అరగంట మీదే.

"లోపలికి పోయే ముందు నడుం మీద చేతులు పెట్టి రెండు నిమిషాలు ఠీవిగా నిలబడండి, ధైర్యం హార్మోన్లు పెరుగుతాయి." 2010లో 42 మందితో చేసిన ఒక ప్రయోగం నుంచి వచ్చిన మాట ఇది. 2015లో 200 మందితో మళ్లీ చేస్తే హార్మోన్ల మార్పు కనిపించలేదు. ఆ రెండు నిమిషాలు ముఖం కడుక్కుని చెమట ఆరబెట్టుకోండి.

నా లెక్కలో ఖర్చు వరుస ఇది: మొదట కుదిరేలా కుట్టించిన ఒక అంగీ, ప్యాంటు లేదా సల్వార్ కమీజ్, చీర. తర్వాత కరవని చెప్పులో, బూట్లో. ఆ తర్వాత ఇస్త్రీ. కోటు ఆ సంస్థ అడిగితేనే, అదీ తెలిసినవాళ్ల దగ్గర తెచ్చుకున్నా చాలు.

ముందురోజు రాత్రి చూసుకోవాల్సినవి:

- గుండీలన్నీ గట్టిగా ఉన్నాయా, కాజాల దగ్గర దారాలు వేలాడుతున్నాయా
- బట్టలు తొడిగి కుర్చీలో పది నిమిషాలు కూర్చున్నారా
- గోళ్లు, కాలర్ అంచు, బూట్ల మడమ
- చేతిరుమాళ్లు రెండు, మంచినీళ్లు
- దూరం నుంచి పోతే ఇస్త్రీ అంగీ సంచిలో, బస్సుకు వేరే అంగీ

9. ఇంట్లో వాళ్ల మాటలకు జవాబు

పరీక్ష అంతా అయ్యాక పసుపు చీర కట్టుకుని పెళ్లికి పోతారు. చిన్నమ్మ అందరి ముందే "గీ రంగేందే, ఇంకో చీర లేదా?" అంటుంది. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గి, ఆ చీరను మళ్లీ బయటికి తీయరు.

వాదన పెట్టుకోవద్దు, సంజాయిషీ ఇవ్వొద్దు. "నాకు మస్తు నచ్చింది చిన్నమ్మా, అందుకే కట్టిన" అని మాట మార్చండి. ఎందుకు కట్టారో పది కారణాలు చెబితే పదకొండో అభ్యంతరం వస్తుంది. పిల్లల ముందు వాళ్ల ఛాయ మీద మాట వస్తే మాత్రం ఊరుకోవద్దు. పక్కకు పిలిచి, మర్యాదగానే, "అత్తమ్మా, పిల్ల ముందల రంగు ముచ్చట వద్దు" అని స్పష్టంగా చెప్పండి. ఆ వయసులో విన్నది ఏళ్లపాటు మిగిలిపోతుంది.

ఒక్కోసారి వాళ్లు చెప్పింది నిజం కూడా కావచ్చు. ఒకే అభ్యంతరం సంబంధం లేని ఇద్దరు, ముగ్గురు చెబితే, "రంగు బాగలేదు" అన్నా సరే, మొదట భుజం, పొడవు కొలిచి చూడండి.

10. తేలాక అలమార సర్దడం

నోటుబుక్కులో ప్రతి సలహా పక్కన "నిలిచింది", "షరతుతో నిలిచింది", "ఓడింది" అని రాయండి. బట్టలను మూడు కట్టలు చేయండి: కుదిరినవి, ఆల్టరేషన్‌కు పోవాల్సినవి, ఇచ్చేయాల్సినవి. రెండో కట్టను ఆ వారంలోనే దర్జీకి ఇవ్వండి. అవి తిరిగొచ్చేదాకా కొత్తవి కొనొద్దు. ఒళ్లు మారినప్పుడు, ఉద్యోగం మారినప్పుడు, బిడ్డ పుట్టాక కొలతలు మళ్లీ తీయండి. పాత అంకెలు కొట్టేయకుండా పక్కన తేదీ వేసి ఉంచుకుంటే దర్జీకి పని సులువవుతుంది.